రైఫిల్ గొట్టం అరిగేకొద్దీ గురి

రైఫిల్ గురి తప్పినప్పుడు ఆ తప్పు పేల్చినవారి చేతిదో కంటిదో అనుకోవడం సహజమే గాని, ఎంతటి నేర్పరి చేతిలో ఉన్నా రైఫిల్ గొట్టానికి ఒక ఆయుష్షు ఉంటుందనీ, అది ఏళ్లలో కాక పేల్చిన తూటాల సంఖ్యలో లెక్కకు వస్తుందనీ ఆ రంగంలో ఉన్నవారికి తప్ప ఇతరులకు అంతగా తెలియదు. గొట్టం లోపలి గోడ మీద మెలితిరిగినట్టు చెక్కిన గాడులను రైఫ్లింగ్ అంటారు. తూటా కొసన ఉండే గుండు ఈ గాడుల వెంట ఒరుసుకుంటూ ముందుకు పోయేటప్పుడు తన చుట్టూ తాను తిరగడం మొదలుపెడుతుంది, ఆ తిరుగుడే దానిని గాలిలో పల్టీలు కొట్టనీయకుండా నిలకడగా నడిపిస్తుంది. ఈ ఒరుపిడి వల్లనే గొట్టం అరిగిపోతుందని చాలామంది ఊహిస్తారు. అయితే మందు బలంగా దట్టించిన తూటాలు పేల్చే రైఫిళ్లలో ఒరుపిడి చేసే నష్టం కొంతే, గొట్టాన్ని అసలు తినేసేది వేడి.

తూటా కూర్చునే చోటును చాంబర్ అనీ, అక్కడి నుంచి గాడులు మొదలయ్యే కొద్దిపాటి జాగాను గొంతు అనీ అంటారు. ప్రపంచమంతటా సైన్యాలూ క్రీడాకారులూ వాడే 7.62×51 మిల్లీమీటర్ల తూటా పేలినప్పుడు గొంతు దగ్గర పీడనం వాతావరణ పీడనానికి దాదాపు నాలుగు వేల రెట్లకు చేరుతుంది, మందు మండి పుట్టిన వాయువుల వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఉక్కు కరగడానికి 1,500 డిగ్రీలు చాలు. గొట్టం కరిగిపోకుండా నిలుస్తున్నదంటే అందుకు కారణం ఆ వేడి తాకే సమయం అత్యల్పం కావడమే: గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యోవంతుకు కాస్త ఎక్కువ. అంత తక్కువ సమయంలోనూ ఉక్కు పైపొర భగ్గున వేడెక్కి, వాయువుల్లోని కర్బనాన్ని పీల్చుకుని పెళుసెక్కి, వెంటనే చల్లబడి సన్నని పగుళ్లు బారుతుంది. తరువాతి పేల్పుల్లో ఆ పగుళ్ల అంచులు రేణువులుగా ఊడి, గాడుల మొదళ్లు ముందుకు ముందుకు జరిగిపోతాయి. అయిదు వేల తూటాలు పేల్చిన గొట్టం నిజంగా పనిచేసిన కాలమంతా కూడితే పది సెకన్లు కూడా కాదు, అయినా పోటీ రైఫిల్‌గా దాని పని దాదాపు ముగిసినట్టే.

ఈ ఆయుష్షు అన్ని తూటాలకూ ఒకటి కాదు. సన్నని రంధ్రం గుండా ఎక్కువ మందు మండితే గొంతు త్వరగా పాడవుతుంది. పోటీ స్థాయి గురి నిలిచే కాలాన్ని షూటర్లు ఉజ్జాయింపుగా చెప్పే లెక్క ప్రకారం .308 విన్‌చెస్టర్ రకానికి అయిదు వేల తూటాలు, 6.5 క్రీడ్‌మోర్‌కు రెండున్నర మూడు వేలు, .243 వంటి వేగవంతమైన సన్నరకాలకు పదిహేను వందల నుంచి రెండు వేలు. సైనిక రైఫిళ్ల గొట్టాలకు లోపల క్రోమియం పూత పూసి ఆయుష్షు పెంచుతారు గాని, ఆ పూతను గొట్టం పొడవునా ఒకే మందంలో పరచడం కష్టం కాబట్టి పోటీ గొట్టాలు చేసేవారు దాని జోలికి పోకుండా స్టెయిన్‌లెస్ ఉక్కునే నమ్ముకుంటారు.

తెలుగువారికి రైఫిల్ షూటింగ్ క్రీడ చాలావరకు హైదరాబాద్ ద్వారానే పరిచయమైంది. చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. హైదరాబాద్‌కే చెందిన ధనుష్ శ్రీకాంత్ బధిరుల ఒలింపిక్స్‌లో ఇదే విభాగంలో స్వర్ణం సాధించారు. ఎయిర్ రైఫిల్‌లో మందు ఉండదు, మంట ఉండదు. సిలిండర్‌లో బిగించిన గాలి 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను సెకనుకు సుమారు 175 మీటర్ల వేగంతో తోస్తుంది, కాబట్టి గొట్టం అరగడమన్నది లేనట్టే. అక్కడ పాతబడేవి గాలి బయటికి పోకుండా ఆపే సీళ్లూ, వాల్వూ, సిలిండరూ. తయారీదారు విధించిన గడువు, సాధారణంగా పదేళ్లు, దాటిన సిలిండర్‌ను పోటీకి తేకుండా చూసుకునే బాధ్యత అంతర్జాతీయ నిబంధనల ప్రకారం షూటర్‌దే. లక్ష్యం మధ్యలోని పది పాయింట్ల చుక్క వెడల్పు కేవలం అర మిల్లీమీటరు. వాల్వు ఒక్కోసారి ఒక్కోలా గాలి వదిలితే ఆ తేడా అక్కడ వెంటనే బయటపడుతుంది.

నారంగ్ లండన్‌లోనూ 2016 రియోలోనూ ఆడిన 50 మీటర్ల పోటీల్లో మాత్రం .22 తూటా వాడతారు. అందులో మందు స్వల్పం, గుండు మెత్తని సీసం, పైగా మైనపు పూత, అందువల్ల ఆ గొట్టాలు పదుల వేల తూటాలను తట్టుకుంటాయి. అక్కడి శత్రువు మరొకటి. నిప్పు అంటించే పదార్థంలో కలిపే గాజుపొడి చాంబర్ ముందు అడుగుభాగాన్ని గీస్తుంది, మాడిన మసి అక్కడే గట్టి వలయంగా పేరుకుంటుంది. ఒకే కంపెనీ తూటాలైనా ఒక్కో తయారీ విడత, అంటే లాట్, ఒక్కో గొట్టానికి ఒక్కోలా నప్పుతుంది కనుక, పెద్ద పోటీలకు ముందు షూటర్లు బర్మింగ్‌హామ్‌లో ఎలీ, జర్మనీలో లపువా వంటి సంస్థలు నడిపే పరీక్షా కేంద్రాలకు గొట్టాన్ని తీసుకుపోయి, దానిని బిగించి, లాట్ తరువాత లాట్ పేల్చి చూసుకుంటారు. గొట్టం పాతబడితే నిరుడు నప్పిన లాట్ ఈ ఏడు నప్పకపోవచ్చు, ఆ పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది.

అరుగుదలను కంటితో పట్టుకోవడం సులభం కాదు. సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాలు నమ్ముకుని స్థిరపడిన తెలంగాణ పద్మశాలి కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు: పాలియెస్టర్ పోగుల రాపిడికి మగ్గంలోని దువ్వెన లాంటి ఫణి పళ్లు గాట్లు పడితే, ఆ గాటు పంటి మీద కనబడకముందే బట్ట మీద నిలువు చారగా కనబడుతుంది. గొట్టం తప్పు కూడా అట్లాగే లక్ష్యం కాగితం మీద ముందు బయటపడుతుంది. ఒకే గురితో పేల్చిన గుండ్లు పడిన చోట్ల గుంపును గ్రూపు అంటారు. అది మెల్లగా వెడల్పవుతుంది, కారణం తెలియకుండా ఒక్కో గుండు దూరంగా పోతుంది, గొంతు పొడవెక్కి పీడనం తగ్గడంతో వేగం పడిపోయి దూరపు లక్ష్యాల మీద గుండ్లు కిందికి దిగుతాయి. మూడు తూటాల గ్రూపు ఒకటి చెడిందని గొట్టాన్ని నిందించేవారే ఎక్కువ. మూడు తూటాలతో తేలేది ఏమీ లేదు, పది చొప్పున పలుమార్లు పేల్చి, వేగాన్ని క్రోనోగ్రాఫ్ అనే పరికరంతో కొలిచి, పాత లెక్కలతో పోల్చినప్పుడే మాటకు విలువ.

అందువల్ల గురిని కాపాడే పనిలో మొదటి పనిముట్టు నోటు పుస్తకం. పేల్చిన ప్రతి తూటా, ఆనాటి వేగం, గ్రూపు, శుభ్రం చేసిన తేదీ అందులో చేరాలి. వేగం తగ్గినట్టు తేలితే దూరాలను బట్టి సైట్‌ను సరిదిద్దే పట్టికను మళ్లీ తయారు చేసుకుంటారు. తూటాలు స్వయంగా కూర్చుకునే దేశాల్లో గుండును కాస్త బయటికి నిలిపి, ముందుకు జరిగిపోయిన గాడులకు దగ్గర చేస్తారు, అయితే మ్యాగజీన్ పొడవు దాటి గుండును జరపడానికి వీలుండదు. గొట్టం ముట్టుకోలేనంత వేడెక్కినప్పుడు వరుసగా పేల్చడం మానుకోవడం అన్నిటికన్నా చవకైన జాగ్రత్త, ఎక్కువమంది పాటించనిదీ అదే.

శుభ్రత విషయంలో అతి చేటు. గొట్టం చివర గుండు బయటికి వచ్చే అంచును క్రౌన్ అంటారు. అక్కడ ఒక పక్క కొద్దిగా చెదిరినా వాయువులు ఆ పక్కనుంచి ముందుగా తప్పించుకుని గుండు మడమను పక్కకు నెడతాయి. శుభ్రం చేసే కడ్డీని మూతి వైపు నుంచి దూర్చేవారు ఏళ్ల తరబడి ఈ అంచునే రాస్తుంటారు. అరగని గొట్టాలు కూడా ఇలా చెడిపోయినవి తక్కువేమీ కావు. కడ్డీని చాంబర్ వైపు నుంచి, దానిని గొట్టం మధ్యలో నిలిపే గైడ్ సాయంతో నడపాలి, పేరుకున్న రాగీ మసీ తీసేందుకు తగిన ద్రవం వాడాలి. ఆ తరువాత మొదటి కొన్ని తూటాలను లెక్కలోకి తీసుకోకూడదు, గొట్టం మళ్లీ తన స్థితికి రావడానికి అవి కావాలి.

గొంతు మరీ చెడితే, మిగిలిన గొట్టం బాగున్నప్పుడు, చాంబర్ వైపున సుమారు అంగుళం కోసి కొత్త చాంబర్ తొలిచే పద్ధతి ఉంది. ఇది లేత్ మీద పనిచేసే లైసెన్సు గల నిపుణుడి పని, చాంబర్ లోతు వెంట్రుకవాసి తేడా పడినా తూటా డొల్ల చిట్లి వాయువు వెనక్కు తన్నే ప్రమాదం ఉంటుంది. ఖర్చు కొత్త గొట్టంతో ఇంచుమించు పోటీ పడుతుంది గనుక చాలామంది అంతదూరం పోకుండా గొట్టాన్నే మారుస్తారు. జాగ్రత్తపరులు పాతది పూర్తిగా చెడకముందే దానిని సాధనకు వదిలి, పెద్ద పోటీకి చాలా ముందుగా కొత్తదానిని బిగించుకుంటారు. కొత్త గొట్టం మొదటి వంద రెండు వందల తూటాల్లో లోపల నునుపెక్కి వేగం పెంచుకుంటుంది, అది స్థిరపడేదాకా కట్టిన పట్టిక ఏదీ పనికిరాదు.