పౌరసత్వానికి ముందు పాస్‌పోర్టు ముద్రలు

డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో మన పెద్దవాళ్లను అమెరికా పౌరసత్వ పరీక్షకు చదివిస్తుంటాను. పుస్తకం తెరిచే ముందు పాస్‌పోర్టు అడుగుతాను, శంషాబాద్ ముద్రల తేదీలు చూడటానికి. ఎన్-400 దరఖాస్తుకు గ్రీన్‌కార్డు వచ్చి మామూలుగా ఐదేళ్లు కావాలి; అందులో కనీసం 30 నెలలు ఇక్కడే గడపాలి. చాలామంది ఏమరుపాటుగా ఉండేది మరోచోట. ఒక్క ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగినట్టే లెక్కగడతారు. కాదని మనమే రుజువు చూపాలి. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కని వెళ్లి సంక్రాంతి దాకా ఉండిపోయిన ఒక పెద్దావిడ ఇక్కడే చిక్కుకున్నారు. ఇంటి అద్దె రసీదులు, పన్ను కాగితాలు, బ్యాంకు లెక్కలు అన్నీ కూడగట్టాం.

పరీక్షకు భయపడక్కర్లేదు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారిని 128 ప్రశ్నల్లోంచి 20 వరకు అడుగుతారు. 12 చెబితే చాలు. 55 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డుతో 15 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లిషు పరీక్ష లేదు. దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. చట్టంలో నాకు బాగా నచ్చిన వెసులుబాటు ఇదే.

ప్రమాణం చేశాక భారత పౌరసత్వం ఉండదు, పాస్‌పోర్టు అప్పగించాలి. కావాలంటే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

అమ్మానాన్నలకు టికెట్లు తీస్తున్న పిల్లలూ, తిరుగు ప్రయాణం ఆరు నెలల లోపే పెట్టండి.