మూత విప్పి చూస్తే

పుప్పాలగూడలో మా బాల్కనీలో నిలబడితే ఒకపక్క ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలు, ఇంకోపక్క సగం లేచిన టవర్లూ, వాటి నెత్తిన క్రేన్లూ కనిపిస్తాయి. ఆ మేడల్లో మూడు నాలుగేళ్లు వాడిన కంప్యూటర్ అంటే పాతది. తీసి పక్కన పెట్టేస్తారు. మా అక్క కొడుకు దగ్గరున్నది 2016లో కొన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్. ఆరో తరం కోర్ ఐ5, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. వాడిప్పుడు ఇంజినీరింగ్ మూడో ఏడు.

“ఇది ఇంక పనికిరాదు మామయ్యా. కొత్తది కొనమంటే అమ్మ ఎనిమిది వేలకి మించి ఇవ్వనంటోంది” అన్నాడు.

ఎనిమిది వేలకి పనికొచ్చే కొత్త కంప్యూటర్ రాదు. ఉన్నదాన్ని లేపి నిలబెట్టడానికైతే అది తక్కువ డబ్బేమీ కాదు. ఎక్కడ పెట్టాలో తెలియాలంతే. చాలామంది నేరుగా షాపుకెళ్లి “స్లో అయింది, ఏం వెయ్యమంటారు?” అని అడుగుతారు. షాపువాడు తన దగ్గర ఏముంటే అదే వేస్తాడు.

అందుకని ముందు వాడిచేత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కించాను. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట మూడు అంకెలు చూడాలి. బ్రౌజర్‌లో ఓ నాలుగు ట్యాబులు తెరిచి చూస్తే ప్రాసెసర్ 15 శాతం దగ్గర తీరిగ్గా కూర్చుంది. మెమరీ 90 దాటింది. డిస్క్ 100 దగ్గర కదలకుండా నిలబడిపోయింది. వాడు పదేళ్ల నాటి ప్రాసెసర్‌ని తిట్టుకుంటున్నాడు గానీ, దానికి అసలు పనే అందడం లేదు.

ఎందుకో చెప్తాను. హార్డ్ డిస్క్ లోపల నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం ఉంటుంది. అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క, దాన్ని చదివే సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి. సూది కూడా సరైన చోటికి జరగాలి, దానికింకో ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. ఇలా అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉన్న ముక్కలు సెకనుకి ఎనభై దాకా తెస్తుంది, అంతే. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి వేలల్లో ఉంటాయి. ఒకే కుర్రాడున్న కిరాణా కొట్టు అనుకోండి. ప్రతి సరుకుకీ వాడు వెనక గోడౌన్‌లోకి పోయి రావాలి, గల్లాపెట్టె దగ్గర యజమాని ఎంత చురుకైనవాడైతే మాత్రం ఏం లాభం? హార్డ్ డిస్క్ బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లేలు లేవు, జరిగే సూది లేదు. మామూలు సాటా రకం కూడా ఆ చిన్న ముక్కల్ని సెకనుకి పదుల వేలల్లో అందిస్తుంది.

మరి ర్యామ్? అది కొట్టులో కౌంటర్ బల్ల. బల్ల ఇరుకైతే, ఇప్పుడే తెచ్చిన సరుకుని మళ్లీ గోడౌన్‌లో పడేసి కొత్తది తేవాలి. 4 జీబీ ర్యామ్‌తో ఈరోజు బ్రౌజర్ నడిపితే జరిగేది అదే. బల్ల నిండిపోయిన ప్రతిసారీ ఆ భారం కూడా డిస్క్ మీదే పడుతుంది. కాబట్టి మావాడి కంప్యూటర్‌కి రెండు జబ్బులు, ఒకదాన్నొకటి పెంచుతున్నవి. ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్. మిగతావన్నీ ఆ తర్వాతే.

ర్యామ్ విషయంలో ఇప్పుడొక చిక్కొచ్చింది. 2025 చివరి నుంచి ధరలు మండిపోయాయి. ఏఐ సర్వర్లకి కావలసిన మెమరీ మీద లాభం ఎక్కువ కాబట్టి కంపెనీలు అటు మళ్లాయి. హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రమున్న మైక్రాన్, ఇళ్లలో వాడే ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ బ్రాండును ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఎక్కడో డేటా సెంటర్లు ఆకలేసి తింటుంటే పుప్పాలగూడ కుర్రాడి కంచంలో కూడు తగ్గిందన్నమాట. ఇలాంటప్పుడు సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనడానికి మొహమాటపడక్కర్లేదు. అందులో అరిగే భాగమంటూ లేదు. తెచ్చాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్ నడిపి చూస్తే సరి. తప్పులు చూపిస్తే పొద్దున్నే తిరిగిచ్చెయ్యాలి, ఆ మాట కొనేటప్పుడే అనుకోవాలి. ఎవరో వాడేసిన హార్డ్ డిస్క్ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

కొనేముందు టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ మీద నొక్కితే స్లాట్లు ఎన్ని, నిండినవెన్ని అని చూపిస్తుంది. మావాడిది రెండింట ఒకటే నిండింది. ర్యామ్ రకం డీడీఆర్3యా, డీడీఆర్4యా అన్నది తప్పక చూసుకోవాలి. ఒకదాని గాడి ఇంకోదానికి పొసగదు, బలవంతంగా నొక్కితే స్లాటే పోతుంది.

ఇక మూత విప్పాం. ఈ చుట్టుపక్కల ఏళ్ల తరబడి బండలు కొట్టి పునాదులు తీస్తూనే ఉన్నారు, ఆ దుమ్ములో కొంత మావాడి డబ్బాలోకి చేరింది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద రెక్కల మధ్య అది కంబళి ముక్కలా గడ్డకట్టి ఉంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో పట్టుకోవాలి, లేకపోతే ఆ గాలికి గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. ఫ్యాన్ విప్పితే కింద థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా రాలింది. తుడిచి, కందిగింజంత కొత్త పేస్ట్ పెట్టాం. ఇదంతా ఎందుకంటే, ప్రాసెసర్ మరీ వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అన్నట్టు, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే భయపడకండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీ మారిస్తే చాలు.

ప్రాసెసర్ మార్చుదామని మావాడు పట్టుబట్టాడు. ఎనిమిదో తరం చిప్పుకీ దీని సాకెట్‌కీ అదే 1151 అంకె, ఎందుకు పట్టదని వాడి వాదన. అంకె ఒకటే, బోర్డు మాత్రం దాన్ని గుర్తించదు. ఇంటెల్ చేసిన ఈ తికమక వల్ల డబ్బు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఏఎమ్‌డీ ఏఎమ్4 బోర్డులున్నవాళ్లు అదృష్టవంతులు. 2017 నాటి మొదటి తరం రైజెన్ బోర్డుల్లో చాలావాటికి బయాస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5000 చిప్పులు ఎక్కుతాయి.

విండోస్ గొడవ వేరే ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. నమోదు చేసుకున్నవాళ్లకి భద్రతా అప్‌డేట్లను మాత్రం 2026 అక్టోబరు 13 వరకూ పొడిగించింది. విండోస్ 11కి ఇంటెల్ అయితే కనీసం ఎనిమిదో తరం ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. దొడ్డిదారిన ఎక్కించవచ్చు గానీ అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు. నా మటుకు నేను ఇలాంటివాటికి విండోస్ బదులు లినక్స్ మింట్ వేస్తాను. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి ఏళ్లుగా పనిచేస్తోంది కూడా. కాలేజీ ల్యాబులో అడిగే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుందంటే మాత్రం ఈ సలహా చెల్లదు.

గ్రాఫిక్స్ కార్డు ఆలోచన ఉన్నవాళ్లకి ఒక్క మాట. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) మీద 450 వాట్లని స్టిక్కర్ ఉంటుంది. నమ్మకండి. నేనొకసారి నమ్మాను. కార్డు పెట్టిన మూడో రోజు టప్‌మని శబ్దం, కాలిన వాసన. ఆ ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా వెంట తీసుకుపోయింది.

సరుకు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. అందరూ సీటీసీ అంటారు. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ప్యారడైజ్‌లో దిగొచ్చు. నాలుగు షాపులు తిరిగితే ఒకే వస్తువుకి నాలుగు ధరలు చెప్తారు. బిల్లు లేకుండా తీసుకుంటే కొంత తగ్గిస్తామంటారు. వారంటీ ఉన్న ఎస్‌ఎస్‌డీ మీద ఆ బేరం ఆడొద్దు. అక్కడే ఆఫీసులు వదిలేసిన రీఫర్బిష్డ్ డెస్క్‌టాపులు కూడా కనిపిస్తాయి. నా లెక్క ఇదీ: మీ పాతదాని మీద పెట్టబోయే డబ్బు, ఎనిమిదో తరమో ఆపైదో ఉన్న అలాంటి మిషన్ ధరలో సగం దాటుతుంటే, రిపేరు ఆలోచన మానెయ్యండి. కొంటే బయాస్‌కి పాత కంపెనీ పాస్‌వర్డు లేదని షాపులోనే తెరిపించి చూసుకోవాలి. బ్రాండెడ్ డబ్బాల్లో ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు తరచూ ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయనీ, రేపు పాడైతే మామూలువి పట్టకపోవచ్చనీ గుర్తుంచుకోవాలి.

మావాడికి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ కొత్తదీ, 8 జీబీ డీడీఆర్4 స్టిక్ పాతదీ తీసుకున్నాం. ఎనిమిది వేలలో మెట్రో చార్జీలు పోను ఇంకా కొంత మిగిలింది. డబ్బాలో ఎస్‌ఎస్‌డీకి తగిన చోటు లేక డబుల్ టేపుతో గోడకి అంటించాం. బరువూ లేదు, అదురూ లేదు కాబట్టి పర్వాలేదు. కాలేజీ సాఫ్ట్‌వేర్ కోసం విండోస్‌నే కొత్తగా ఎక్కించి, పాత డిస్క్‌ని సినిమాలకీ ఫోటోలకీ అట్టేపెట్టాం. ఇదివరకు నాలుగు నిమిషాలు పట్టేది ఇప్పుడు ఇరవై సెకన్లలో తెరుచుకుంటోంది. కింద జేసీబీ ఇంకా తవ్వుతూనే ఉంది. దసరాకి ఆయుధపూజ చేసి కంప్యూటర్‌కీ బొట్టు పెడతారు కదా, ఈసారి బొట్టు పెట్టేముందు మూత విప్పి దుమ్ము దులపమని మా అక్కకి కూడా చెప్పి వచ్చాను.