అప్పీలు కోర్టు గుమ్మం దాకా వెళ్లిన అదీల్ మంగి

అమెరికాలో ఫెడరల్ అప్పీలు కోర్టులు 13. సుప్రీంకోర్టు ఏటా కొద్ది కేసులే వింటుంది కనుక చాలా వివాదాల్లో వీటి తీర్పే ఆఖరిది. జడ్జి పేరును దేశాధ్యక్షుడు ప్రతిపాదిస్తారు. సెనేట్ న్యాయ కమిటీ ప్రశ్నించాక సెనేట్ ఓటు వేస్తుంది. ఆమోదం పొందితే పదవి జీవితాంతం ఉంటుంది.

2023 నవంబరులో అధ్యక్షుడు బైడెన్ మూడో సర్క్యూట్ కోర్టుకు అదీల్ మంగి పేరు ప్రతిపాదించారు. కరాచీలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్, హార్వర్డ్‌లలో చదివిన న్యాయవాది ఆయన. న్యూజెర్సీలోని బాస్కింగ్ రిడ్జ్‌లో 39 బహిరంగ విచారణల తర్వాత కూడా మసీదుకు అనుమతి ఇవ్వలేదు. చర్చిలకు లేని పార్కింగ్ షరతు మసీదుకు పెట్టారు. ఆ కేసును మంగి ఫీజు లేకుండా వాదించారు. 2017లో రాజీ కుదిరి, నిర్మాణానికి అనుమతితో పాటు 32.5 లక్షల డాలర్లు వచ్చాయి.

సెనేట్ కమిటీలో ఆయన్ను హమాస్ దాడి గురించీ, 9/11 గురించీ అడిగారు. ఆయన ఉగ్రవాదాన్ని ఖండించారు. పలు యూదు సంస్థలు ఆయనకు అండగా నిలిచాయి. 2024 జనవరిలో కమిటీ 11-10తో ఆమోదించినా సొంత పక్షంలోనే కొందరు వ్యతిరేకించారు. పూర్తి సెనేట్‌లో ఓటింగ్ జరగకుండానే 2025 జనవరిలో ప్రతిపాదన ముగిసిపోయింది. లేకుంటే అప్పీలు కోర్టులో తొలి ముస్లిం జడ్జి ఆయనే అయ్యేవారు.

పదవి రాలేదు గానీ ఆ మసీదు హక్కు నిలిచింది. దాతలు గమనించవలసింది ఇదే. మన పిల్లలకిచ్చే ఉపకార వేతనాలు డాక్టర్, ఇంజనీరు చదువుల దగ్గరే ఆగిపోకుండా లా కాలేజీ దాకా చేరాలి.