క్యాండీకి ఎంత?

గుంటూరులో జిన్నింగు మిల్లు గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఫోనెత్తి బొంబాయి బ్రోకర్ని అడిగే మాట అదే. లండన్‌లో ఎవరినైనా ఇలా అడిగితే మిఠాయి కొట్టు చూపిస్తారు. మాకు క్యాండీ అంటే తూకం, పాతకాలపు ఖండి. మద్రాసు లెక్కలో ఇరవై మణుగులు, 500 పౌన్లు. పత్తి బేరంలో మాత్రం బొంబాయి వాళ్ల 784 పౌన్ల క్యాండీదే పైచేయి అయింది. అంటే 355.62 కిలోలు. మెట్రిక్ కొలతలొచ్చి ఆరు దశాబ్దాలు దాటింది. అయినా రైతు దగ్గర క్వింటాళ్లలో కొన్న పత్తి, గింజ తీసి 170 కిలోల బేళ్లు కట్టేసరికి క్యాండీల్లోకి మారిపోతుంది. ఆ గుణకారం నోటికి రానివాణ్ణి గుమాస్తా అనరు.

మన దగ్గర్నుంచి ఇంగ్లీషు నోటికెక్కిన ఇలాంటి మాటలన్నీ పోగేసి యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు ఒక లావుపాటి నిఘంటువు చేశారు. 1886లో అచ్చయింది. పేరు హాబ్సన్-జాబ్సన్. పీర్ల పండగలో 'యా హసన్, యా హుసేన్' అనే కేక తెల్ల సిపాయిల చెవికి అలా వినపడిందట!

గోడౌను అందులోనే ఉంది. దాన్ని 'గో', 'డౌన్' అని విడగొట్టేవాళ్లను చూశాను. మలయా రేవుల్లో అది గుడాంగ్. దాని వెనకున్నది తమిళుల కిడంగు, మన గిడ్డంగి అని పండితులంటారు. బోర్డు మీద 'గిడ్డంగుల సంస్థ' అని చూసి పుస్తకాల తెలుగని నవ్వుకుంటాం గానీ, నిజానికి ముందు పుట్టింది అదే. ఇక గోడౌన్లో గోతాలు కొరికే పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయింది. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియా వెళ్లి, ఎలుక జాతే కాని ఒక సంచి జంతువుకు పేరైపోయింది.

నాకు బాగా నచ్చింది చోయా. తేనీటికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మన నిజాంపట్నం రేవుకొచ్చింది. దొరల నోట ఆ ఊరు పెటపోలి. వాళ్లకు కావలసింది అద్దకం బట్టలు, వాటి ఎరుపుకు మూలం ఇసక నేలల్లో పెరిగే చిరివేరు. సన్నటి వేరు, రంగంతా పైబెరడులోనే. పెటపోలి వేరుకు ఎక్కడలేని గిరాకీ. కంపెనీ రాతల్లో ఆ వేరే చోయా, చాయా అని రకరకాలుగా కనిపిస్తుంది. 1869లో జర్మన్లు ఆ ఎరుపును రసాయనశాలలో తయారుచేశాక వేరు బేరం పడిపోయింది, బేరంతోపాటే మాటా పోయింది. ఆ వేరు ఎరుపునే నమ్ముకున్న చీరాల రుమాలు మాత్రం రంగు మార్చుకుని బతికింది.

మా గుంటూరు మిరప యార్డుది వేరే దారి, అక్కడి మాట మారకుండానే ఓడెక్కింది. ఎగుమతి ఇన్‌వాయిసుల్లో ఇవాళ్టికీ ఒక మిరప రకాన్ని ఇంగ్లీషు అక్షరాలతో 'సన్నం' అనే రాస్తారు. కొలంబోలో కొనేవాడు కూడా సన్నం ఎంత అనే అడుగుతాడు.