‘బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’: కస్బా వీధుల్లో విముక్తి పోరు

వలస పాలనపై ఆయుధం పట్టినవారి కథను చెప్పిన చిత్రాలలో, ఇటలీ దర్శకుడు జిల్లో పాంటెకోర్వో 1966లో రూపొందించిన ‘బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’కు సాటి రాగలవి చాలా తక్కువ. స్వాతంత్ర్యం కోరే ప్రజల పక్షాన నిలిచినట్లు స్పష్టంగా తెలుస్తూనే, పాలకుల వాదాన్ని వారి నోటనే పూర్తిగా వినిపించి, రెండు వైపులా ప్రాణాలు కోల్పోయిన సామాన్యులను ఒకే కన్నుతో చూడగలగడం దాని గొప్పతనం.

1830లో దండెత్తి ఆక్రమించిన అల్జీరియాను ఫ్రాన్స్ క్రమంగా తన సొంత భూభాగంగానే పరిగణించింది. లక్షలాది యూరోపియన్లు అక్కడ స్థిరపడగా, స్థానిక ముస్లిం ప్రజలకు వారితో సమానమైన రాజకీయ హక్కులు దక్కలేదు. ఈ స్థితిని ఎదిరిస్తూ జాతీయ విముక్తి సంఘటన, అంటే ఎఫ్.ఎల్.ఎన్., 1954 నవంబరు 1న సాయుధ పోరాటాన్ని ప్రారంభించింది. ఆ యుద్ధం కొండల్లోనూ పల్లెల్లోనూ కూడా సాగినప్పటికీ, చిత్రం ప్రధానంగా రాజధాని అల్జీర్స్‌లో, అందులోనూ ఇరుకైన మెట్ల సందులతో, ఒకదానికొకటి ఆనుకున్న మిద్దెలతో నిండిన ‘కస్బా’ అనే పాత బస్తీలో, 1957 వరకు జరిగిన ఘట్టాలపైనే దృష్టి నిలిపింది.

అల్జీర్స్‌లో ఎఫ్.ఎల్.ఎన్. దళాలను నడిపిన యాసెఫ్ సాదీ ఈ చిత్ర నిర్మాణంలో పాలుపంచుకోవడమే కాక, తనను పోలిన పాత్రను తానే ధరించాడు. తక్కిన పాత్రధారులలో అత్యధికులు అంతకుముందు కెమెరా ముందు నిలబడని అల్జీరియన్లు కాగా, ఫ్రెంచి సేనాని కర్నల్ మాథ్యూగా నటించిన జాన్ మార్తాఁ మాత్రం వృత్తి నటుడు, పైగా అల్జీరియా యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ఫ్రెంచి మేధావులు వెలువరించిన ప్రకటనపై సంతకం చేసినవాడు. నలుపు తెలుపు దృశ్యాలు అచ్చమైన వార్తాచిత్రాలలా కనిపించినా, వాటిలో ఒక్క అడుగు కూడా నిజమైన వార్తాచిత్రం నుంచి తీసుకున్నది కాదు.

రహస్యోద్యమ నిర్మాణాన్ని ఈ చిత్రం వివరించే తీరు ప్రత్యేకంగా గమనించదగినది. ప్రతి సభ్యునికీ తనను చేర్చుకున్న వ్యక్తి, తాను చేర్చుకున్న ఇద్దరు మాత్రమే తెలిసి ఉంటారు కనుక, ఒకరు పట్టుబడినా సంస్థ మొత్తం బయటపడదు. పట్టుబడినవారు 24 గంటలు నోరు విప్పకుండా ఉండగలిగితే, ఆలోగా మిగిలినవారు స్థావరాలు మార్చుకుంటారు. అందువల్లనే 1957లో నగర బాధ్యతలు చేపట్టిన ఫ్రెంచి పారాట్రూపర్లు, అంటే విమానాల నుంచి పారాచూట్లతో దిగే శిక్షణ పొందిన సైనికులు, ఆ గడువు లోపలే సమాచారం రాబట్టడానికి చిత్రహింసలను ఆశ్రయించారు. మాథ్యూ పాత్రను క్రూరునిగా గాక చదువుకున్న, మర్యాద తెలిసిన అధికారిగా చూపడం దర్శకుని గొప్ప నిర్ణయం. వలస ప్రభుత్వాన్ని నిలబెట్టాలని కోరుకునేవారు దానికి అవసరమైన హింసను కూడా అంగీకరించినట్లేనని ఆ పాత్ర ద్వారా ప్రేక్షకునికి తేటతెల్లమవుతుంది.

అదే నిజాయతీ ఉద్యమకారుల హింస విషయంలోనూ కనిపిస్తుంది. కస్బాలో యూరోపియన్ అతివాదులు జరిపిన పేలుడుకు ప్రతీకారంగా, ముగ్గురు మహిళలు యూరోపియన్ వేషంలో తనిఖీలు దాటి బాంబులు చేరవేసే ఘట్టంలో, పేలుడుకు ముందు కెమెరా ఫలహారశాలలో కూర్చున్నవారి ముఖాల మీద నిలిచి, ఐస్‌క్రీమ్ తింటున్న ఒక పసివాడిని కూడా చూపుతుంది. లక్ష్యం న్యాయమైనదే అయినా దానికి చెల్లించిన మూల్యాన్ని దాచకపోవడం వల్లనే ఈ చిత్రానికి నైతిక బలం చేకూరింది.

1957 అక్టోబరులో చిత్ర కథానాయకుడైన ఎఫ్.ఎల్.ఎన్. యోధుడు అలీ లా ప్వాంత్ మరణంతో నగరంలోని దళాలు తుడిచిపెట్టుకుపోయినా, 1960 డిసెంబరులో ప్రజలు ఒక్కసారిగా వీధుల్లోకి పోటెత్తారు. 1962 జులైలో దేశం స్వతంత్రమైంది. వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పొందిన ఈ చిత్రం ఫ్రాన్స్‌లో కొన్నేళ్లపాటు ప్రదర్శనకు నోచుకోలేదు. చిత్రంలోనూ కనిపించే ఉద్యమ నేత, నిర్బంధంలో ఆత్మహత్య చేసుకున్నాడని సైన్యం ప్రకటించిన లార్బీ బెన్ మ్హీదీని నిజానికి తామే చంపామని ఫ్రెంచి అధికారి పాల్ ఒసారెస్ 2001లో వెలువడిన తన పుస్తకంలో అంగీకరించగా, ఫ్రాన్స్ అధ్యక్షుడు ఆ హత్యను అధికారికంగా గుర్తించడానికి 2024 వరకు పట్టింది.