'సాల్వ్' అను క్రియ: మూలార్థము, తెలుగు పర్యాయములు

ఆంగ్లమున 'సాల్వ్' అను క్రియకు నేడు ప్రసిద్ధమైన అర్థము సమస్యకు సమాధానము కనుగొనుట. దీని మూలార్థము వేరు. లాటిన్ భాషయందలి 'సోల్వెరె' అను క్రియకు సడలించుట, కట్టు విప్పుట అని అర్థములు. విడదీయుటను సూచించు 'సె' అను ఉపసర్గకు, సడలించుట అను అర్థముగల 'లుఎరె' చేరగా ఈ రూప మేర్పడినది. గ్రీకు 'లూఓ', సంస్కృతమున ఛేదనార్థకమైన 'లూ' ధాతువు దీనికి సజాతీయములు. ఋణము చెల్లించుట కూడ లాటిన్ క్రియకు అర్థమే. అందుచేతనే ఆంగ్లమున 'సాల్వెంట్' అను మాట అప్పు తీర్పగల వానికిని, ద్రవ్యమును కరిగించు ద్రవమునకును చెల్లుచున్నది.

విప్పుట నుండి సమాధానము చెప్పుటకు అర్థము మారుట ఒక్క లాటిన్ భాషకే పరిమితము కాదు. హిందీ, ఉర్దూలలోని 'హల్' అను మాటకు మూలమైన అరబీ ధాతువునకు ముడి విప్పుట అని అర్థము. కన్నడమున 'బిడిసు' అనగా విడిపించుట. ఒగటును, అనగా పొడుపుకథను, విప్పుటకును అదే క్రియ. తెలుగున పొడుపునకు ప్రతిగా నిలుచునది విడుపు.

సూరత్ నగరమందలి గోడాదరా, లింబాయత్ ప్రాంతములలో తెలంగాణము నుండి వెళ్లి స్థిరపడిన నేతపనివారి కుటుంబములు కలవు. అచ్చట వినవచ్చు గుజరాతీ క్రియ 'ఉకేల్‌వుఁ'. మడత విప్పుట, చిక్కు తీయుట, తెలియని లిపిని చదువుట, సమస్యను తీర్చుట: ఇవి యన్నియు దాని అర్థములే. ఈ అర్థసంబంధము నేతగానికి వివరింపనక్కరలేదు. చిక్కుపడిన నూలును బలముగా లాగినచో పోగు తెగును. కొన పట్టి సడలించినచో విడివడును.

ఆ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమము కూడ కలదు. అచ్చటి బాలునికి గుజరాతీలో ఒక్క క్రియ సరిపోవు పెక్కు తావులలో తెలుగు వేర్వేరు క్రియలను కోరును. సమీకరణమును సాధింతుము, పొడుపుకథను విప్పుదుము, అప్పును, సందేహమును తీర్తుము, వివాదమును పరిష్కరింతుము. అవధానమందు సమస్యను పూరింతుము. అచ్చట విప్పవలసిన ముడి లేదు, నింపవలసిన పాదములు కలవు.

వీనిలో 'తీర్చు' గమనింపదగినది. లాటిన్ క్రియవలె అది ఋణమునకును సందేహమునకును సమానముగ చెల్లును. 'పరిష్కారము' అనగా మొదట సంస్కరించుట, అలంకరించుట. గ్రంథపరిష్కరణ మను వాడుకలో ఆ అర్థము నేటికిని నిలిచియున్నది. నిఘంటువులు 'సాల్వ్' అను మాటకు 'పరిష్కరించు' అను ఒక్క దానినే చూపినచో, పరభాషా ప్రాంతమున తెలుగును పుస్తకము నుండియే నేర్చు బాలునికి తక్కిన క్రియలు దూరమగును. కావున ఈ ఆరోపమునకు సందర్భభేదముతో అర్థములను వేర్వేరుగ ఇచ్చుట నిఘంటుకర్తల విధి.