కార్చిచ్చు పొగ జాడ తెలిపే ఉపగ్రహాలు

ఉపగ్రహ పటంలో కనిపించే ఎర్ర చుక్క మంటను సూచిస్తుందే తప్ప పొగను కాదు. వేసవిలో వెలిగొండ, శేషాచలం కొండలు అంటుకొన్నప్పుడు నెల్లూరు తీర ప్రజలకు ఈ తేడా ముఖ్యమైనది. 2014 మార్చిలో శేషాచలం మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లను సైతం వినియోగించవలసి వచ్చింది.

మంటల వేడిని ఉపగ్రహాలలోని వీర్స్ అనే సాధనం 375 మీటర్ల సూక్ష్మతతో రేయింబవళ్లు గుర్తిస్తుంది. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఇటువంటి సమాచారాన్ని విశ్లేషించి అటవీ శాఖలకు అందజేస్తున్నది.

పొగ సంగతి వేరు. అది పగటి వెలుగులో బూడిద రంగు తెరవలె కనిపిస్తుంది. దాని కదలికను తెలుసుకొనుటకు, ఒకే ప్రాంతాన్ని పదేపదే చిత్రించే ఇన్సాట్-3డీఎస్ వంటి భూస్థిర ఉపగ్రహాలు ఉపకరిస్తాయి. ఈ ఉపగ్రహం 2024 ఫిబ్రవరి 17న నింగికెగసినది శ్రీహరికోట నుండే. 2022 వరకు ఆ దీవి నెల్లూరు జిల్లాలోనిదే.

అయితే పలుచని మబ్బు, తీరపు పొగమంచు కూడా చిత్రంలో పొగను పోలి ఉంటాయి. పైగా ఆ పొగ నేలకు దగ్గరగా ఉన్నదా, ఎత్తున సాగిపోతున్నదా అన్నది చిత్రం ఒక్కటే చెప్పజాలదు. మధ్యాహ్నం వేళ తీరాన సముద్రపు గాలి లోపలికి వీస్తుండగా, పైనున్న పొగ కడలి వైపు మళ్లవచ్చు. కనుక ఉబ్బస రోగులకు హెచ్చరిక జారీచేసే ముందు అధికారులు నేలపై గాలి నాణ్యత కొలతలను సరిచూడవలసి ఉంటుంది. విలేకరులు సైతం చుక్కల పటాన్ని పొగ పటంగా ప్రచురించరాదు.